పినాంగ్‌లో పప్పుచారు

విదేశానికి వెళ్లి కూడా ఆ దేశాన్ని కంటితో సరిగా చూడకుండా, నాలుకకు అసలే అంటనివ్వకుండా, క్షేమంగా ఇల్లు చేరడం ఒక కళ! ఆ కళలో మనల్ని మించినవాళ్లు భూమ్మీద లేరు.

నమ్మకం కలగడం లేదా? అయితే పాతపట్నం ధర్మేంద్ర నడిపిన 'ఆసియా ఫుడ్ యాత్ర' సంగతి మీకింకా తెలియదన్నమాట.

ఈ రోజుల్లో ఫోన్ తెరవడమే ప్రమాదమైపోయింది. ఎవడో కుర్రాడు నోటినిండా నూడుల్స్ కుక్కుకుని, కళ్లు పెద్దవి చేసి, ఆసియాలో తిని తీరాల్సిన నగరాలివే అని అరుస్తుంటాడు. బ్యాంకాక్‌లో పడవ మీద వండే నూడుల్స్ తినమంటాడు. హనోయ్‌లో గుడ్డు వేసిన కాఫీ తాగమంటాడు. సింగపూర్‌లో పీతని పట్టుకుని ఊగిపోతాడు. తిన్న తర్వాత ఆ కుర్రాడి కడుపు ఏమైందో మాత్రం ఏ వీడియోలోనూ చూపించడు! మరి పప్పు, చారు, మజ్జిగలతో ప్రశాంతంగా బతుకుతున్న మన పొట్టలకు రక్షణ ఎవరు?

ఉన్నాడు. వంటవాడు ఉన్నాడు! మనతో పాటు విమానం ఎక్కి, మనతో పాటు దిగి, దిగీ దిగగానే పోపు పెట్టే సొంత వంటవాడు!

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కాశీ బస్సు ఎక్కిన ప్రతివాళ్లకీ తెలిసిందే. బస్సు టాపు మీద బియ్యం బస్తాలు, గుండిగలు. డిక్కీలో గ్యాసు బండ. వెనక సీట్లో వంటవాడు. నీళ్ల కుళాయి ఎక్కడ కనిపిస్తే అక్కడ బస్సు ఆగుతుంది, పొయ్యి వెలుగుతుంది. మగవాళ్లు చాపలు పరుస్తారు. ఆడవాళ్లు కత్తిపీటలు ముందేసుకుని కూరలు తరుగుతారు. పూరీలోనైనా, గయలోనైనా, ప్రయాగలోనైనా విస్తట్లో అదే పప్పు, అదే చారు. ఊరు మారుతుంది కానీ ఉప్పు మారదు!

అలాంటి బస్సులు నడిపి నడిపి ధర్మేంద్ర ఆరితేరాడు. భోగాపురంలో పెద్ద ఎయిర్‌పోర్టు పని మొదలయ్యాక ఆయన చూపు రోడ్డు మీంచి ఆకాశం మీదికి మళ్లింది. వెంటనే పోస్టరు వేయించాడు. పోస్టరు నిండా ఎర్రటి పీతలు, పొగలు కక్కే నూడుల్స్, ఆకుల్లో చుట్టిన చేపలు. పైన 'బ్యాంకాక్, హనోయ్, సింగపూర్, పినాంగ్. ఆసియా రుచుల పండగ!' అని ఉంది. కింద అంతకన్నా పెద్ద అక్షరాల్లో 'భోజనానికి భయం వద్దు. మన వంటవాడు దాలయ్య వెంటే ఉంటాడు' అని ఉంది.

రుచుల పండగకి వెళ్లేవాళ్లకి రుచుల నుంచి పూర్తి రక్షణ! ఇంతకన్నా భరోసా ఎక్కడ దొరుకుతుంది? సీట్లు చకచకా నిండిపోయాయి.

అందరూ పోస్టరులో కింది లైను చదివి బయలుదేరారు. ఒక్క చిన్నతల్లి మాత్రం పై బొమ్మలు చూసి బయలుదేరింది. కొంప ముంచింది ఆ పొరపాటే.

చిన్నతల్లిది భోగాపురం పక్కన సముద్రపొడ్డు పల్లె. భర్త గంగరాజు వేటకెళ్లి చేపలు తెస్తే, ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మింది. ఇప్పుడు పడవ కొడుకులు చూసుకుంటున్నారు. మొగుడూ పెళ్లాలకి కాస్త తీరిక చిక్కింది. అలాంటి తీరిక వేళే మనవరాలు సుహాసిని ఫోన్లో ఒక వీడియో చూపించింది.

పినాంగ్ అనే ఊళ్లో ఎవరో ఒకావిడ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుంది. ఉడికిన కానాగంత చేపల్ని చేత్తో విరిచి, ముళ్లు తీసి, మరిగే చింతపండు పులుసులో వేస్తోంది. ఆ పులుసుని తెల్లటి లావుపాటి సేమ్యా మీద గరిటెతో పోస్తోంది.

చిన్నతల్లి ఫోను లాక్కుంది.

"ఇది మన పులుసే! ఈవిడెవత్తే? మనోళ్ల పిల్లేటి?"

"కాదు మామ్మా, మలేసియా ఆవిడ."

"అక్కడ కానాగంతలుంటాయేటి?"

"సముద్రంలో ఉండకపోతే ఎక్కడుంటాయి మామ్మా?"

ఆ రోజు నుంచి చిన్నతల్లికి పినాంగ్ తప్ప ఇంకో ధ్యాస లేదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో చేపల పులుసు వండేది తనే. అత్తకి, మావకి, మొగుడికి, కొడుకులకి వడ్డించి, దాక అడుగున మిగిలింది ఊడ్చుకుని తినేది తనే. మరొకరు పులుసు వండి, తనని కూర్చోబెట్టి, గిన్నె ముందు పెట్టి 'తిను' అనడం ఆమెకు ఒక్కసారి కూడా జరగలేదు. పినాంగ్ ఆవిడ ముందు కూర్చోవాలి. ఆవిడ వండింది తినాలి. బాగుందో లేదో ముఖం మీదే చెప్పాలి. ఆమె కోరిక అంతే.

చూశారా, ఎంత ప్రమాదకరమైన కోరికో! వంటవాడు వెంట లేకపోతే ఈ మనిషి ఏమైపోయేది?

మొదటి మజిలీ బ్యాంకాక్. దిగగానే దాలయ్య గెస్టుహౌసు వంటగదిలోకి దూరాడు. ధర్మేంద్ర మెడలో విజిలు వేలాడదీసుకుని అందరి పాస్‌పోర్టులూ తన నడుము సంచిలో వేసుకున్నాడు. బంగారు గోపురాల రాజభవనాన్ని బస్సు అద్దంలోంచి చూపించాడు. దిగి చూస్తూ కూర్చుంటే పప్పు చల్లారిపోదా? నది ఒడ్డున మాత్రం దింపాడు. ఎందుకంటే అక్కడ చల్లటి నీడ ఉంది, సాయంత్రం కూరకి చిక్కుడుకాయలు ఒలవాల్సి ఉంది. పక్కనే పడవల మీద మామిడిపండు అన్నం, కాల్చిన రొయ్యలు, కొబ్బరిపాల బూరెలు ఘుమఘుమలాడుతూ తేలిపోతుంటే, మన ఆడవాళ్లు తలెత్తకుండా ఈనెలు తీశారు. అంత ఏకాగ్రత ఏ ధ్యానకేంద్రంలో నేర్పుతారు చెప్పండి!

తరగడంలో చిన్నతల్లిది అందరికన్నా వేగం. చేపలు కోసిన చెయ్యి మరి! దాలయ్య అది కనిపెట్టేశాడు. దాంతో హనోయ్‌లో వంకాయలు, సింగపూర్‌లో బీరకాయలు ఆమె వాటాకి వచ్చాయి. హనోయ్‌లో సరస్సు ఎలా ఉందని తర్వాత ఇంటి దగ్గర అడిగితే ఆమె ఇచ్చిన సమాధానం "వంకాయలు లేతగా ఉన్నాయి" అని.

సింగపూర్‌లో ఆకాశాన్నంటే ఇనుప చెట్లున్నాయి. వాటిని చూడడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. మనవాళ్లూ వెళ్లారు. చెట్ల మొదట్లో దుప్పటి పరిచి పులిహోర పొట్లాలు విప్పారు. అక్కడున్న విదేశీయులు చెట్లని వదిలేసి మనవాళ్లని ఫోటోలు తీసుకున్నారు. దేశానికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

గంగరాజు అయితే స్వర్గంలో ఉన్నాడు.

"ఒసే, సింగపూర్ నీళ్లతో కూడా చారు ఇలగ కాస్తన్నాడంటే ఆడు మనిషి కాదే! నువ్వెప్పుడైనా ఇలగ కాసినావేటి?"

"కాసినాను. తినీసి గుర్రుపెట్టి పడుకునీవోడివి, నీకేటి గురుతుంతాది?"

కానాగంత పులుసు సంగతి చిన్నతల్లి మరచిపోలేదు. బ్యాంకాక్‌లో అడిగితే హనోయ్ వెళ్లాక చూద్దామన్నాడు ధర్మేంద్ర. హనోయ్‌లో అడిగితే అది ఇక్కడ దొరకదన్నాడు. సింగపూర్‌లో అడిగేసరికి ఆయనకి విసుగొచ్చి అసలు మాట చెప్పేశాడు.

"బయట తిండి మన యాత్రలో నేదమ్మా. గయలో ఒకాయన నా మాట ఇనకుండా రోడ్డు మీద కచోరీ తినీసినాడు. ఏటైనాది? అక్కణ్నించి బరంపురం దాకా, సెరుకుతోట కనిపించినప్పుడల్లా బస్సు ఆపినాం!"

"కచోరీ ఏరు, కానాగంత ఏరు బాబూ. నేను పుట్టి పెరిగింది దాని మీదే."

"నీ కడుపు గట్టిదేనమ్మా. నా రూలు ఇంకా గట్టిది."

ఎంత కచ్చితమైన మనిషి! ఇలాంటి నాయకత్వం ఉండబట్టే యాత్రలో ఒక్కరికి కూడా తుమ్ము రాలేదు.

ఇక దాలయ్య త్యాగం గురించి చెప్పకపోతే పాపం. రెండు పూటలా అందరికీ కొసరి కొసరి వడ్డించి, తను మాత్రం ముద్ద ముట్టేవాడు కాదు. "వండినోడికి ఆకలెయ్యదమ్మా" అని పక్కకి తప్పుకునేవాడు. అంతటితో ఆగాడా? భోజనాలయ్యాక అందరూ కునుకు తీసే వేళ, ఆకుపచ్చ సంచి భుజాన వేసుకుని ఎండలో ఉల్లిపాయల కోసం బయలుదేరేవాడు. ఏ ఊరు వెళ్లినా సరిగ్గా అదే వేళకి ఉల్లిపాయలు అయిపోయేవి. పస్తులుండి అంతంత దూరాలు నడిచినా మనిషి చిక్కిపోలేదు సరికదా, హనోయ్‌లో చొక్కా బొత్తాం ఒకటి పుటుక్కున తెగింది. సింగపూర్‌లో బెల్టు వదులు చేసుకున్నాడు. త్యాగానికి అంత బలం ఉంటుంది!

"తను తినకుండా మనకి పెడతన్నాడే!" అని గంగరాజు చారు జుర్రుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు.

చివరి మజిలీ పినాంగ్. ఆ సాయంత్రమే తిరుగు విమానం. పొద్దున్న ధర్మేంద్ర ఒక కొండని బస్సులోంచి చూపించి, "ఇది కూడా మన సింహాచలం కొండలాగే ఉంతాది, ఎక్కక్కర్నేదు" అని తేల్చేశాడు. తిరిగి వస్తుంటే ఒక సంత పక్కన ఎర్ర లైటు పడింది. లోపల గాలాడడం లేదని ఎవరో అంటే డ్రైవరు తలుపు తీశాడు.

ఆ తలుపులోంచి వచ్చింది వాసన.

చింతపండు మరిగే వాసన. అందులో కలిసిన కానాగంత వాసన. చిన్నతల్లి సీట్లోంచి లేచి నిలబడింది.

"ఆపండి బాబూ! ఇదే, ఇదే!"

"ఇక్కడ దిగితే ఫైనేస్తారమ్మా! కూర్సో!"

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. చిన్నతల్లి అద్దానికి ముఖం ఆనించి గుర్తులు పెట్టుకుంది. ఎర్ర గోడల గుడి. నీలం గొడుగుల వరస. ఆ తర్వాత కుడివైపు మలుపు, మలుపులోనే గెస్టుహౌసు. తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషికి దారి ఒక్కసారి చూస్తే చాలు.

మధ్యాహ్నం పప్పుచారు, బెండకాయ వేపుడు. గంగరాజు తినేసి గురక మొదలుపెట్టాడు. చిన్నతల్లి సగంలోనే విస్తరి మడిచి, మళ్లీ కత్తిపీట ముందుకి చేరింది. ఇంకాసేపట్లో బస్సు వస్తుంది. తర్వాత విమానం. తర్వాత ఇల్లు. తర్వాత మళ్లీ తను వండే పులుసు, మళ్లీ దాక అడుగు.

అప్పుడు దాలయ్య ఆకుపచ్చ సంచి భుజాన వేసుకున్నాడు.

"ఎయిర్‌పోర్టులోకి పులిహోర కలిపీసినాను, పొట్లాలు మీరు కట్టీయండి. ఉల్లిపాయలు అయిపోనాయి, తెస్తాను" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఆడవాళ్లందరూ "పాపం దాలయ్య!" అన్నారు. చిన్నతల్లి కూడా అనబోయింది. సగంలో ఆగిపోయింది.

పులిహోరలోకి ఉల్లిపాయలెందుకు?

చింతపండు, ఆవాలు, మిరపకాయలు, కరివేపాకు, వేరుశెనగపప్పు. ఉల్లిపాయ ఎవరు వేస్తారు? వెనక్కి ఆలోచించింది. సింగపూర్‌లో ఉల్లిపాయలు తెచ్చిన పూట చేసింది దద్దోజనం. అందులోనూ ఉల్లిపాయ లేదు. హనోయ్‌లో తెచ్చిన ఉల్లిపాయలు ఏ కూరలోనూ తగిలినట్టు లేదు. మరి ఇంత దూరం, ఇంత ఎండలో, ఏ ఉల్లిపాయల కోసం వెళ్తున్నాడీ మనిషి?

"దాలయ్యకి సాయం ఎల్లొస్తాను" అని కత్తిపీట పక్కకి నెట్టి చిన్నతల్లి లేచింది.

పాస్‌పోర్టు ధర్మేంద్ర నడుముకి ఉంది. చేతిలో డబ్బు లేదు. నోట్లో ఆ ఊరి భాష లేదు. అయినా నడిచింది. ఎడమవైపు మలుపు. నీలం గొడుగులు. ఎర్ర గోడల గుడి. అక్కడ నుంచి కళ్లతో పని లేదు, ముక్కే దారి చూపించింది. చేపల బుట్టలు దాటింది. మంచు ముక్కలు దాటింది. ఎదురుగా పొయ్యి, పొయ్యి మీద పెద్ద డేగిసా, దాని వెనక కానాగంతని చేత్తో విరుస్తున్న ఒకావిడ!

పొయ్యి ముందు ప్లాస్టిక్ స్టూలు మీద ఎవరో కూర్చుని గిన్నె ఎత్తి పులుసు తాగుతున్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. భుజాన ఆకుపచ్చ సంచి.

"ఒరే దాలయ్యా!"

పులుసు పొలమారింది. దాలయ్య దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని చూశాడు.

"పిన్నీ... ఉల్లిపాయల కోసం..."

"గిన్నెలో ఉన్నాయేటి ఉల్లిపాయలు?"

దాలయ్య గిన్నెలోకి తొంగి చూశాడు. "ఉన్నాయి పిన్నీ. పైన ఎర్రటివి తరిగి సల్లినాది."

చిన్నతల్లి నడుం మీద చెయ్యి వేసుకుంది. ఇక దాచి లాభం లేదని దాలయ్యకి అర్థమైంది.

"బ్యాంకాక్‌లో?"

"పడవ నూడుల్స్ పిన్నీ. సిన్న గిన్నెలు, ఒకటి తింటే సాలదు."

"హనోయ్‌లో?"

"గుడ్డు కాఫీ. బొత్తాం తెగింది అక్కడే."

"సింగపూర్‌లో పీత కూడా తినీసినావేటిరా?"

"ఎర్రటి కారంలో ఏయిస్తారు పిన్నీ, నీకెలగ సెప్పాలి..."

"మరి మాకా పప్పేటిరా?"

"రోజూ నా వంట నేనే ఎలగ తింతాను పిన్నీ? నువ్వే సెప్పు!" అన్నాడు దాలయ్య దీనంగా. "మీరు నమ్ముకొచ్చినారు. నాకు తప్పుతాదా?"

చిన్నతల్లికి నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తేలక పక్క స్టూలు లాక్కుని కూర్చుంది. దాలయ్య ఇంకో గిన్నె అన్నట్టు వేలు చూపించాడు. పొయ్యి దగ్గర ఆవిడ ఒక గిన్నె నింపి, చిన్నతల్లి ముందు పెట్టి, చెంచా చేతికిచ్చి ఏదో అంది.

భాష తెలియదు. కానీ ఆ మాట 'తిను' తప్ప ఇంకేమవుతుంది?

అప్పుడే దాలయ్య ఫోను మోగింది. ధర్మేంద్ర గొంతు సంతంతా వినిపించింది.

"దాలయ్యా! బస్సొచ్చీసినాది, ఒక సీటు ఖాళీ! గంగరాజు పెళ్లాం కనబడతం నేదు! అతను ఇక్కడ నెత్తి బాదుకుంతన్నాడు!"

దాలయ్య చిన్నతల్లి వంక చూశాడు. ఒక్క మాట చెప్తే ఇద్దరి కథా కంచికే. చెంచా నోటి దగ్గర ఆపి చిన్నతల్లి అతని వంకే చూస్తోంది.

"నా కాడే ఉన్నాది బాబూ. ఉల్లిపాయల బస్తా పెద్దది. నేనొక్కణ్నీ మొయ్యలేనని సాయం వచ్చినాది."

"ఇంత ఎండలోనా? ఎంత మంచి మనిసో! తొరగా తీసుకురా."

చిన్నతల్లి మొదటి గుక్క తాగింది. కళ్లు మూసుకుంది. పొయ్యి దగ్గర ఆవిడ గరిటె ఆపేసి ఆమె ముఖమే చూస్తోంది.

"పుదీనా ఏసినాది. అనాసపండు ఏసినాది. ఇదేటి పిచ్చో! ఉప్పు కూడా ఒక పిసరు తగ్గినాది." ఇదంతా ఆవిడ ముఖం మీదే, నూరు శాతం తెలుగులో చెప్పింది. తర్వాత గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగు కనిపించేదాకా తాగి, కింద పెట్టి తల ఊపింది. "పులుసు మాత్రం మనదే తల్లీ."

ఆవిడ నవ్వింది. అడగకుండానే ఇంకో గరిటె పోసింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో నిజంగానే ఉల్లిపాయలు కొన్నారు. బస్సంతా చప్పట్లు కొట్టింది. ధర్మేంద్ర మైకు పట్టుకుని, ఇలాంటి సేవాభావం కాశీ యాత్రల్లో కూడా చూడలేదన్నాడు. గంగరాజు మాత్రం పెళ్లాం పక్కన కూర్చుని ముక్కు ఎగబీల్చాడు.

"ఒసే, నీ దగ్గర సేపల వాసనొస్తన్నాదేటి?"

"సేపలమ్మినదాని దగ్గర సేపల వాసన కాక ఏటొస్తాది మావా?"

గంగరాజుకి మాట సబబుగానే తోచింది.

ఇంత గొప్ప రహస్యాన్ని చిన్నతల్లి ఎవరికీ చెప్పలేదు. ఎయిర్‌పోర్టులో పులిహోర పొట్లం విప్పుతూ పక్కావిడ చెవిలో మాత్రం వేసింది. ఆ పక్కావిడ కూడా ఎవరికీ చెప్పలేదు, తన పక్కావిడకి తప్ప.

మొన్న ధర్మేంద్ర కొత్త పోస్టరు వేయించాడు. టోక్యో, సియోల్, తైపే! యథాప్రకారం పైన నోరూరించే బొమ్మలు, కింద దాలయ్య భరోసా. గంగరాజు పెళ్లాన్ని వెంటబెట్టుకుని పాతపట్నం వెళ్లి సీటు రాయించుకున్నాడు.

"నాకు సీటొద్దు బాబూ. నన్ను వంటసాయానికి తీసుకో" అంది చిన్నతల్లి.

"హాయిగా కూర్సుని తినక ఈ వయసులో నీకా బాధేటమ్మా?"

"ఊరికే కూర్సోలేను బాబూ. ఉల్లిపాయలు తెస్తాను."

ధర్మేంద్ర తల పట్టుకున్నాడు. "ఏటైనాది మీ అందరికీ? పొద్దున్నుంచి ఎవరొచ్చినా ఉల్లిపాయలు మేం తెస్తామంటే మేం తెస్తామంతన్నారు! అందరూ సంచులట్టుకుని ఎల్లిపోతే నా పప్పు తినీదెవరు?"

"నేనున్నాను కదా బాబూ!" అన్నాడు వెనక నుంచి గంగరాజు.

చూశారా మరి! వంటవాణ్ణి వెంట తీసుకెళ్లడం వరం కాదని ఇంకా ఎవరైనా అనగలరా? ఆసియాలో తినడానికీ, చూడడానికీ ఏ నగరం మంచిదని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఇకపై తడుముకోకండి. ఏ నగరంలో ఉల్లిపాయలు అయిపోతే ఆ నగరం!